ఇంట్లో చిన్న వర్క్‌షాప్: మోడళ్లకూ రిపేర్లకూ ఒకే బల్ల

విమానం మోడల్ అతికించాలన్నా, అరిగిపోయిన మిక్సీ కప్లర్ (మోటారు మీద ఉండి జారును తిప్పే ముక్క) మార్చాలన్నా కావాల్సినవి చాలావరకు ఒకే సామాన్లు. వాటిని కొనే వరుస దగ్గరే చాలామంది పొరబడతారు. ముందు వందకు పైగా ముక్కలున్న టూల్‌కిట్ పెట్టె తెచ్చుకుంటారు. అందులో సగం సాకెట్లు ఎప్పటికీ వాడరు. కట్టర్ బ్లేడు మొద్దుబారితే మార్చడానికి ఇంకో బ్లేడు మాత్రం ఇంట్లో ఉండదు. వస్తువును కదలకుండా పట్టుకునే ఏర్పాటు, మంచి వెలుతురు, కొత్త బ్లేడు, పదార్థానికి సరిపడే జిగురు ఉంటే మామూలు పనిముట్లతోనే శుభ్రమైన పని వస్తుంది. ఈ గైడ్ అంతా ఆ నమ్మకం మీదే రాశాను. ఏది ముందు, ఏది తర్వాత, ఏది అసలు అక్కర్లేదు అనేది వరుసగా చూద్దాం.

మొదటి మెట్టు: బల్ల, వెలుతురు, పట్టు

ప్రత్యేకంగా గది అక్కర్లేదు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పున్న గట్టి బల్ల చాలు. అది ఊగకూడదు. ఊగితే కాళ్ల కింద రబ్బరు ముక్క పెట్టి ముందు ఆ సంగతి చూడండి. బల్ల మీద ఎ3 సైజు కటింగ్ మ్యాట్ పరచండి. ఒక చదరపు అడుగు మందపాటి అద్దం ముక్క, అంచులు నూరించినది, గ్లాసు షాపులో అడిగి తెచ్చుకోండి. ఇంట్లో అంతకన్నా చదునైన తలం దొరకదు. రెక్క వంకర లేకుండా అతికించాలన్నా, ఒక ముక్క అడుగుభాగాన్ని సమంగా రుద్దాలన్నా అద్దమే ఆధారం.

లైటు ఒక్కటే తల వెనక నుంచి పడితే మీ చేతి నీడ మీరు కోసే గీత మీదే పడుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చేలా రెండు చిన్న ఎల్‌ఈడీ టేబుల్ ల్యాంపులు పెట్టుకోండి. రంగులు వేసే ఉద్దేశం ఉంటే పసుపు వెలుగు వద్దు, తెల్ల వెలుగు తీసుకోండి.

పట్టు గురించి కొంచెం గట్టిగానే చెప్తాను. ఒక చేత్తో వస్తువు, ఇంకో చేత్తో కత్తి పట్టుకుని చేసే పనిలోనే వేళ్లు తెగుతాయి. బల్ల అంచుకు బిగించుకునే చిన్న వైస్ (వస్తువును దవడల మధ్య బిగించి పట్టేది) ఒకటి మొదటి రోజే కొనండి. దాని దవడలకు తోలు ముక్కో రబ్బరు ముక్కో అంటిస్తే ప్లాస్టిక్ మీద గాట్లు పడవు. రెండు జి-క్లాంపులు, ఒక డజను బట్టల క్లిప్పులు, మాస్కింగ్ టేపు, రబ్బరు బ్యాండ్లు కూడా ఈ జాబితాలోవే. జిగురు ఆరేదాకా రెండు ముక్కల్ని ఒత్తి ఉంచేది ఇవే.

రెండో మెట్టు: కొలత

15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, చిన్న మూలమట్టం, 0.5 మెకానికల్ పెన్సిల్. గోడ పనులకు టేపు, రసమట్టం. ప్లాస్టిక్ స్కేలును కత్తికి ఆనించి కోయకండి. రెండు మూడు కోతలకే దాని అంచు చెక్కుకుపోతుంది, ఆ తర్వాత గీసిన ప్రతి గీతా వంకరే.

వెర్నియర్ కాలిపర్ కూడా ఉంటే డ్రిల్ బిట్ సైజు, స్క్రూ మందం, పైపు లోపలి వ్యాసం అన్నీ ఒక్క పనిముట్టుతో తేలిపోతాయి. హార్డ్‌వేర్ షాపుకు పాత స్క్రూ పట్టుకెళ్లి "ఇలాంటిదే ఇవ్వండి" అనే అవసరం తగ్గుతుంది.

మోడళ్లలో కొలత అంటే స్కేలు లెక్క కూడా, అంటే అసలుకన్నా మోడల్ ఎన్ని రెట్లు చిన్నదన్న లెక్క. అసలు కొలతను స్కేలు సంఖ్యతో (1/72 అయితే 72తో) భాగిస్తే సరి. మన తేజస్ యుద్ధవిమానం పొడవు 13.2 మీటర్లు. 1/72 స్కేలులో అది 18.3 సెంటీమీటర్లు. షెల్ఫు మీద హాయిగా సరిపోతుంది. రైళ్ల సంగతి వేరు. ఎల్‌హెచ్‌బీ కోచ్ పొడవు సుమారు 23.5 మీటర్లు, హెచ్‌ఓ అనే 1/87 స్కేలులో ఒక్కో పెట్టె 27 సెంటీమీటర్లు వస్తుంది. పది పెట్టెల రైలుకు ఇంజను కాకుండానే రెండున్నర మీటర్లు దాటుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. మన బ్రాడ్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,676 మిల్లీమీటర్లు. 1/87లో అది 19 మిల్లీమీటర్ల పైచిలుకు రావాలి, కానీ బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. అది 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌కు సరిపడే లెక్క. భారతీయ రైలు మోడల్ చేసేవాళ్లు దీన్ని ముందే ఒప్పుకుని మొదలుపెట్టాలి, లేదంటే పట్టాలు సొంతంగా వేసుకోవాలి.

మూడో మెట్టు: కోత

మూడు కత్తులు చాలు. సన్‌బోర్డ్‌కు, అట్టకు 18 మిల్లీమీటర్ల స్నాప్ కట్టర్ (మొద్దుబారిన కొసను విరిచేసే బ్లేడు ఉన్నది). సన్‌బోర్డ్ అంటే తేలికైన ఫోమ్ పలక. సన్నని పనికి 9 మిల్లీమీటర్ల కట్టర్. ఇంకా సన్నని పనికి స్కాల్పెల్, అంటే సర్జన్లు వాడే కత్తి. హాబీ నైఫ్ కోసం ఆన్‌లైన్‌లో వెతికేబదులు ఆస్పత్రుల దగ్గరుండే సర్జికల్ షాపుకు వెళ్లండి. 3వ నంబరు హ్యాండిల్, 11వ నంబరు బ్లేడ్లు అడగండి. సన్నటి మొన, అద్భుతమైన పదును. ఒక జాగ్రత్త: హాబీ కత్తులకు వచ్చే 11వ నంబరు బ్లేడు, సర్జికల్ 11వ నంబరు బ్లేడు ఒకటి కావు. దీని బ్లేడు దాని హ్యాండిల్‌లో కూర్చోదు. బ్లేడు మార్చేటప్పుడు వేళ్లతో లాగకండి, నోస్ ప్లయర్‌తో పట్టి తియ్యండి.

కోసే పద్ధతి కత్తి కన్నా ముఖ్యం. 5 మిల్లీమీటర్ల సన్‌బోర్డ్‌ను ఒకే దెబ్బకు కోయాలని బలం పెడితే అంచు లోపలికి వాలిపోతుంది. మొదటిసారి కేవలం గీత పడేంత తేలిగ్గా, రెండోసారి దాని మీదే కొంచెం లోతుగా, మూడు నాలుగుసార్లలో తెంపండి. స్కేలు ఎప్పుడూ ఉంచుకోవాల్సిన ముక్క మీద ఉండాలి. కత్తి జారితే పారేసే ముక్క వైపే జారుతుంది. స్కేలు పట్టుకున్న వేళ్లు అంచుకు దూరంగా ఉండాలి. బ్లేడు మొద్దుబారినట్టు అనుమానం వస్తే అప్పటికే ఆలస్యమైందని అర్థం, వెంటనే విరిచేయండి. విరిచిన ముక్కల్ని మూతకు చీలిక పెట్టిన పాత డబ్బాలో వేసి, నిండాక టేపు చుట్టి పారేయండి. చెత్త ఎత్తేవాళ్ల చేతుల సంగతి కూడా మనం ఆలోచించాలి.

బాల్సా అనే తేలికపాటి కర్రను 3 మిల్లీమీటర్ల వరకు బ్లేడుతోనే కోయవచ్చు, అంతకు మించితే సన్నపళ్ల రంపం కావాలి. కర్ర పోగు వెంట కోసేటప్పుడు కత్తి పోగును పట్టుకుని పక్కకు పోతుంది కాబట్టి ఒత్తిడి తగ్గించండి. ప్లాస్టిక్ కిట్లకు సైడ్ కట్టర్ విడిగా ఉంచుకోండి. దాంతో ఇనుప తీగ ఒక్కసారి కోసినా నోట్లో గంటు పడి, తర్వాత ప్లాస్టిక్‌ను నలిపేస్తుంది. కిట్ ముక్కను అది అతుక్కుని వచ్చే ఫ్రేము నుంచి వేరుచేసేటప్పుడు కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన మొటికను తర్వాత స్కాల్పెల్‌తో చెక్కండి.

నాలుగో మెట్టు: రంధ్రాలు

మోడళ్లకు పిన్ వైస్ అనే చేత్తో తిప్పే చిన్న డ్రిల్, 0.5 నుంచి 3 మిల్లీమీటర్ల బిట్లు. ఇంటికి 13 మిల్లీమీటర్ల చక్ (బిట్‌ను పట్టుకునే నోరు) ఉన్న హ్యామర్ డ్రిల్. రెండింటి పనీ చేసే ఒక్క మెషీను ఉండదు. పెద్ద డ్రిల్‌లో అర మిల్లీమీటరు బిట్ పెడితే తిరగకముందే విరుగుతుంది.

గోడ పనిలో బిట్ సైజు, ప్లగ్ (స్క్రూ పట్టడానికి రంధ్రంలో దించే ప్లాస్టిక్ గొట్టం) సైజు ఒకటే ఉండాలి. 6 మిల్లీమీటర్ల ప్లగ్‌కు 6 మిల్లీమీటర్ల బిట్, 4 మిల్లీమీటర్ల ప్రాంతంలో స్క్రూ. ఇటుక గోడ అయితే హ్యామర్ మోడ్ లేకుండా మొదలుపెట్టండి, లేకపోతే రంధ్రం గుంతవుతుంది. కాంక్రీటు తగిలితేనే హ్యామర్ వేయండి. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైనా కిందా, అడ్డంగా అటూ ఇటూ డ్రిల్ పెట్టకండి. గోడ లోపలి వైర్లు సాధారణంగా ఆ దారుల్లోనే వెళ్తాయి. కళ్లజోడు ఉన్నా సరే, సేఫ్టీ గాగుల్స్ పెట్టుకోండి.

ఐదో మెట్టు: జిగురు

ఇంటి వర్క్‌షాపుల్లో ఎక్కువ పనులు చెడేది ఇక్కడే. "గట్టి జిగురు ఏది?" అని అడుగుతారు. ఏది దేనికి అతుకుతుందన్నది అడగాలి.

ప్లాస్టిక్ వస్తువును తిరగేసి చూడండి. చాలావాటి మీద త్రిభుజం లోపల అంకె ఉంటుంది. 2, 4 అంటే పాలిథిలిన్, 5 అంటే పాలిప్రొపిలిన్. బకెట్లు, మగ్గులు, డబ్బాల మూతలు ఎక్కువగా ఇవే. వీటికి ఫెవిక్విక్ లాంటి సూపర్‌గ్లూ గానీ, ఆరల్డైట్ లాంటి ఎపాక్సీ (రెండు ట్యూబులు కలిపి వాడే జిగురు) గానీ నిలబడవు, ఎంత పూసినా పొలుసులా లేచిపోతుంది. వేడిచేసిన సన్నని తీగను రెండు వైపులా దించి కుట్టినట్టు కలపడమో, లోహపు పట్టీ పెట్టి స్క్రూలు బిగించడమో చేయాలి. 3 అంటే పీవీసీ. పైపులకు దాని సాల్వెంట్ సిమెంట్ వేరే ఉంది. 6 అంటే పాలిస్టైరిన్. మోడల్ కిట్ల ప్లాస్టిక్ ఇదే. మిక్సీ, ఫ్యాను, రిమోట్ల బాడీలు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్. దానికి ఫెవిక్విక్, ఎపాక్సీ రెండూ పట్టుకుంటాయి.

పాలిస్టైరిన్ కిట్లకు సూపర్‌గ్లూ కన్నా మోడల్ సిమెంట్ మేలు. అది అంటించదు, రెండు అంచుల్నీ కరిగించి ఒక్కటిగా కలిపేస్తుంది. పల్చటి రకం తీసుకుని, ముక్కల్ని ముందే కలిపి పట్టుకుని, సందు దగ్గర బ్రష్ మొన తాకించండి. ద్రవం దానంతటదే సందులోకి పాకుతుంది. కిటికీలు తెరిచి, ఫ్యాను గాలి మీ వైపు నుంచి బయటికి పోయేలా పెట్టుకోండి. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గానీ ఈ వాసనల్ని ఆపదు. వాటికి కార్బన్ ఫిల్టరున్న రెస్పిరేటర్ కావాలి.

సూపర్‌గ్లూ గాలిలోని తేమతో గట్టిపడుతుంది. అందుకే విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో అది ఎండాకాలం కన్నా తొందరగా పట్టేస్తుంది, ట్యూబులో కూడా తొందరగానే గడ్డకడుతుంది. చిన్న ట్యూబులే కొనండి. వాడాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్‌తో పాటు ఫ్రిజ్‌లో పెట్టండి. తీశాక గది వేడికి వచ్చేవరకు మూత తియ్యకండి. కాక్‌పిట్ అద్దం లాంటి పారదర్శక ముక్కలకు ఇది వాడితే చుట్టూ తెల్లటి మసక పడుతుంది, అక్కడ ఆరాక పారదర్శకంగా మారే తెల్లజిగురు వాడండి. దూదితో, నూలుబట్టతో సూపర్‌గ్లూ తుడవకండి, జిగురు, నూలు కలిస్తే కాలేంత వేడి పుడుతుంది. వేళ్లు అంటుకుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టండి. కంట్లో పడితే నీళ్లతో కడిగి నేరుగా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

చెక్కకు ఫెవికోల్ లాంటి తెల్లజిగురు. పలచగా పూసి, క్లాంపు వేసి, రాత్రంతా వదిలేయండి. తడి తగిలే చోటుకు వాటర్‌ప్రూఫ్ రకం అడిగి తీసుకోండి. లోహాన్ని చెక్కకో ప్లాస్టిక్‌కో కలపాలంటే ఆరల్డైట్. రెండు ట్యూబుల పాళ్లు అట్ట మీద రాసినట్టే ఉండాలి. హార్డెనర్ ఎక్కువ వేస్తే తొందరగా ఆరుతుందన్నది తప్పు, అతుకు మెత్తగా మిగిలిపోతుంది. అంటించే ముందు రెండు తలాల్నీ 120 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి, నూనె జిడ్డు లేకుండా తుడవాలి. అతుకు ఊడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఈ మెట్టు దాటేయడమే.

ఆరో మెట్టు: రుద్దడం, పూడ్చడం, రంగు

ఉప్పు కాగితాన్ని వేళ్లతో పట్టుకుని రుద్దితే తలం మీద పల్లాలు పడతాయి. చదునైన చెక్క దిమ్మెకు చుట్టి రుద్దండి. నంబరు పెరిగేకొద్దీ కాగితం సన్నబడుతుంది. 220తో మొదలుపెడితే 400, 600, 1000 అంటూ వరుసగా వెళ్లాలి. 220 నుంచి ఒక్కసారిగా 1000కి దూకితే మొదటి గీతలు రంగు వేశాక బయటపడతాయి. 400 పైన నల్లటి వాటర్ పేపర్‌ను తడిపి వాడితే దుమ్ము లేవదు, కాగితం ఎక్కువకాలం వస్తుంది.

సందులు పూడ్చడానికి కొండపల్లి కళాకారుల దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. వాళ్లు తేలికైన తెల్లపొణికి కర్రను చెక్కి, విడివిడి భాగాల్ని చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆ తర్వాత సున్నం పూసి రంగులు వేస్తారు. పూడ్చే పదార్థంలో అదే కర్ర పొడి ఉండటం వల్ల రుద్దినప్పుడు రెండూ ఒకేలా అరుగుతాయి. బాల్సా మోడల్‌కు కూడా బాల్సా పొడి, తెల్లజిగురు కలిపి మీరే మక్కు చేసుకోవచ్చు. బజారు పుట్టీ మెత్తని కర్ర కన్నా గట్టిగా ఉంటుంది, రుద్దితే చుట్టూ ఉన్న కర్ర అరిగి పుట్టీ గుబ్బలా మిగులుతుంది. ఇంట్లో పగిలిన అంచులకు, కారే అతుకులకు మాత్రం ఎం-సీల్ లాంటి ఎపాక్సీ పుట్టీ సరైనది.

రంగుల్లో మొదట ఆక్రిలిక్ తీసుకోండి. నీళ్లతో పల్చన చేయవచ్చు, వాసన తక్కువ. ప్రైమర్ ఒక పూత, ఆపైన పలచటి రెండు మూడు పూతలు. ప్లాస్టిక్ మోడల్ మీద హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ థిన్నర్ పడనివ్వకండి, అది పాలిస్టైరిన్‌ను తినేస్తుంది. స్ప్రే డబ్బాలను ముసురు పట్టిన రోజున వాడితే కొన్ని లాకర్ రంగుల మీద తెల్లటి పొగమంచులా పడుతుంది. పొడి ఎండ వచ్చే రోజు దాకా ఆగండి. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ అందమైనవే, కానీ బ్రష్‌తో పలచగా వేయడం చేతికి వచ్చాకే కొనండి.

ఏడో మెట్టు: స్క్రూలు, నట్లు, కుళాయి

స్టార్ స్క్రూడ్రైవర్ ఒక్కటి అన్నిటికీ సరిపోదు. రిమోట్లకు, బొమ్మలకు 0, 1 సైజులు, స్విచ్‌బోర్డులకు, తలుపు బందులకు 2వ సైజు. తల నిండా కూర్చోని డ్రైవర్‌తో తిప్పితే స్క్రూ గాడి నశిస్తుంది, ఆ తర్వాత దాన్ని తీయడం పెద్ద పని. డ్రైవర్లు, కటింగ్ ప్లయర్, నోస్ ప్లయర్ మాత్రం టపారియా లాంటి పేరున్న కంపెనీవి కొనండి, దశాబ్దాలు వస్తాయి.

చాలా మిక్సీల్లో మోటారు మీది కప్లర్‌కు ఎదురు మర ఉంటుంది, మామూలు స్క్రూలా కాకుండా కుడివైపు తిప్పితే వదులవుతుంది. తెలియక ఎడమవైపు బలంగా తిప్పితే ఇంకా బిగుస్తుంది. తీసేముందు ప్లగ్గు పీకండి. మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోతే ముందు అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ నొక్కి చూడండి. కుళాయి మరలకు టెఫ్లాన్ టేపు చుట్టేటప్పుడు, మర కొస మీ వైపు ఉంచి గడియారం ముల్లు తిరిగే దిశలోనే చుట్టండి. ఎదురు చుట్టితే బిగించేటప్పుడు టేపు ఊడి వచ్చేస్తుంది.

ఎనిమిదో మెట్టు: సోల్డరింగ్, కరెంటు

మోడళ్ల ఎల్‌ఈడీలకు, సన్నని వైర్లకు 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ చాలు. లోపల రోజిన్ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పట్టేలా లోహాన్ని శుభ్రం చేసే పదార్థం) ఉన్న 60/40 సోల్డర్ తీగ, 22 గేజ్‌ది, మొదట నేర్చుకోవడానికి సులువు, 190 డిగ్రీల లోపే కరుగుతుంది. యాసిడ్ ఫ్లక్స్ రేకు పనులకే, ఎలక్ట్రానిక్స్‌కు వాడితే కొన్నాళ్లకు వైరును తినేస్తుంది. పద్ధతి ఇది: ఐరన్‌తో వైరును, ప్యాడ్‌ను కలిపి వేడి చేయండి, సోల్డర్‌ను ఐరన్‌కు కాకుండా ఆ కీలుకు తాకించండి. పారి మెరిస్తే అతుకు బాగుంది. గోళీలా మసకగా నిలబడితే మళ్లీ చేయండి. మొన మీద ఎప్పుడూ పలచటి సోల్డర్ పూత ఉండాలి. ఈ తీగలో సీసం ఉంటుంది. చేతులు కడుక్కోకుండా ఏమీ తినకండి, పిల్లల చేతికి ఇవ్వకండి.

230 వోల్టుల పని చేసే ముందు ఎంసీబీ ఆపండి. టెస్టర్ వెలగలేదని నమ్మేయకండి. ముందు పనిచేస్తున్న పాయింటులో టెస్టర్ వెలుగుతోందో లేదో చూసి, తర్వాత పని చేసే చోట చూసి, మళ్లీ మొదటి పాయింటులో చూడండి. చెక్క నిచ్చెన మీద నిలబడితే టెస్టర్ మసకగా వెలగవచ్చు. క్యాట్ 3 (ఇంటి వైరింగుకు సరిపడే భద్రతా తరగతి), 600 వోల్టుల రేటింగ్ ఉన్న మల్టీమీటర్ ఒకటి ఉంటే ఈ టెన్షన్ తగ్గుతుంది. బోర్డులో 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే, మిగతా పనిముట్లన్నిటికన్నా ముందు ఎలక్ట్రీషియన్‌తో అది పెట్టించుకోండి.

మొదటి కరెంటు రిపేరుగా సీలింగ్ ఫ్యాను కెపాసిటర్ మంచిది. ఫ్యాను నెమ్మదిగా తిరుగుతుంటే, బేరింగులు బాగుంటే, ఎక్కువసార్లు దోషం దానిదే. సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ ఉంటుంది. ఎంసీబీ ఆపాక, ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవర్ కమ్మీతో కెపాసిటర్ రెండు కొసల్నీ ఒకసారి కలిపి, అందులో మిగిలిన చార్జి పోగొట్టండి. పాతదాని మీద రాసిన విలువే కొత్తదానికీ ఉండాలి. ఎక్కువ విలువ పెడితే వేగం పెరుగుతుందని కొందరు చెప్తారు గానీ మోటారు వేడెక్కి చెడిపోతుంది.

ఎక్కడ, ఏ వరుసలో కొనాలి

హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, పనిముట్లకు సికింద్రాబాద్ రాణిగంజ్. సన్‌బోర్డ్, అట్టలు ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్ కాలేజీల దగ్గరి స్టేషనరీ షాపుల్లో ఎక్కడైనా దొరుకుతాయి. బాల్సా, మోడల్ సిమెంట్, కిట్లకు హాబీ షాపులూ ఆన్‌లైనూ తప్పవు. బాల్సా తెప్పిస్తే వచ్చిన రోజే చదునుగా, బరువు కింద పెట్టండి, మన తేమకు వంగిపోతుంది.

మొదటి నెల వైస్, స్టీలు స్కేళ్లు, మూలమట్టం, కత్తులు, బ్లేడ్ల ప్యాకెట్, వేర్వేరు నంబర్ల ఉప్పు కాగితాలు, తెల్లజిగురు, సూపర్‌గ్లూ, స్క్రూడ్రైవర్లు, ప్లయర్లు, గాగుల్స్. రెండో నెల సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్, పిన్ వైస్, ఎపాక్సీ. డ్రిల్ మెషీను గోడకు నిజంగా పని పడినప్పుడు. కాలిపర్ ఎప్పుడు కొన్నా మంచిదే. ఇనుప సామాన్లను వాడిన రోజు రాత్రి కుట్టుమిషను నూనె గుడ్డతో తుడిచి, సిలికా జెల్ వేసిన మూత పెట్టెలో పెట్టండి, ముఖ్యంగా మీ ఇల్లు సముద్రానికి దగ్గరైతే.